సాలలో దోమ వేరు, ఇంట్లో దోమ వేరు: నా అనుభవం

ఒడిశాలో కోరాపుట్ కొండల్లో ఉన్న జయపురంలో మా చుట్టాల్లో మలేరియా రాని ఇల్లు లేదు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. అందుకే ఈ కొండల మీద తెలుగువాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వ్యాపారానికో ఉద్యోగానికో ఘాటు ఎక్కి వచ్చినవాళ్ళని మొదటి ఏడాదే చలిజ్వరం పలకరించి పోయేదని మా నానమ్మ చెప్పేది. చిన్నప్పుడు నాకూ వచ్చింది. ఎన్ని దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకోవడం, కాసేపటికి ఒళ్ళంతా చెమట, ఆ చేదు మాత్రలు, అన్నీ గుర్తున్నాయి. ఆ జ్వరం తెచ్చిన దోమ మాత్రం ఎలా ఉంటుందో ఎమ్మెస్సీ జువాలజీ చదివాక కూడా నాకు తెలీదు. పుస్తకంలో బొమ్మ చూశానంతే.

చదువు అయ్యాక మలేరియా దోమల మీద ఒక ప్రాజెక్టులో తాత్కాలిక పోస్టు దొరికింది. జీతం ఏ నెలదో ఆ నెల వచ్చేది కాదు, ఆ గొడవ వదిలేస్తాను. పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కోరాపుట్ జిల్లాలో బైపారిగుడ వైపు, ఇటు పొట్టంగి వైపు కొన్ని పల్లెల్లో ఏయే జాతుల దోమలు ఉన్నాయి, వాటిలో ఎన్నిటి ఒంట్లో మలేరియా క్రిమి ఉంది అన్నది తేల్చాలి. చెప్పడం తేలికే. ఎవరికి చెప్పినా "అయితే ఎంత శాతం దోమలకి ఉందట?" అనే అడిగేవాళ్ళు. అలా ఒక్క అంకెలో చెప్పడానికి ఎందుకు నోరు రాదో నాకు తెలిసేసరికి చాలా కాలం పట్టింది.

నాకు పని నేర్పినాయన పర్లాఖెముండి తెలుగాయన. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న ఇన్సెక్ట్ కలెక్టర్. నేను బాబాయి అనేదాన్ని. పెళ్ళిచూపుల్లో వాళ్ళ మామగారికి ‘కలెక్టర్’ అన్న రెండో మాటే వినపడిందని, ఆ పెళ్ళి అలా కుదిరిపోయిందని ఆయనే చెప్పి నవ్వేవారు. పుస్తకం చదివింది తక్కువ. కానీ గోడ మీద వాలిన దోమని అడుగు దూరం నుంచి చూసి పేరు చెప్పేవారు, తర్వాత మైక్రోస్కోపు కింద పెడితే అదే అయ్యుండేది.

తెల్లవారి ఆరింటికల్లా ఊళ్ళో ఉండాలి. అంటే జయపురంలో జీపు చీకట్లోనే కదలాలి. రాత్రి రక్తం తాగిన దోమ వెంటనే ఎక్కడికీ పోదు. కడుపు బరువుతో దగ్గర్లోనే చీకటి మూల చూసుకుని వాలి, తాగింది అరిగించుకుంటుంది. ఎండెక్కి, పొయ్యి రాజేసి, ఇల్లు ఊడవడం మొదలైతే అక్కణ్ణుంచి లేచిపోతుంది. ఆలోగా మనం వెళ్ళాలి. చేతిలో టార్చి, సక్షన్ ట్యూబు. ట్యూబు అంటే జానెడు పైన పొడవున్న గాజు గొట్టం, దాని వెనక రబ్బరు పైపు, రెండూ కలిసేచోట సన్నని వల గుడ్డ. రబ్బరు పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే దోమ గాజులోకి వస్తుంది, ఆ గుడ్డ ఉంది కాబట్టి నోట్లోకి రాదు. మా అమ్మకి ఈ వివరం చెప్పకుండా ఉండాల్సింది. ఆ తర్వాత నెల రోజులు నేను తాగిన గ్లాసు విడిగా కడిగింది.

"టార్చి ఎదురుగా కొట్టకమ్మా, పక్కనుంచి కొట్టు. నీడ పొడుగ్గా పడతాది. దోమ కనపడకపోయినా నీడ కనపడతాది" అనేవారు బాబాయి. "గొట్టం మీదకి తేకు, కిందనుంచి తే. చిన్నగా పీల్చు. గట్టిగా లాగేవంటే రెక్క మీది పొలుసులు రాలిపోతాయి. రేపు మైక్రోస్కోపు కింద పెట్టుకుని ఏడవాల."

ఇంటికి పదిహేను నిమిషాలు. నాలుగిళ్ళు చూస్తే ఒక గంట. ఒక మనిషి ఒక గంటలో ఎన్ని దోమలు పట్టాడన్నదే ఈ వృత్తిలో కొలమానం, పర్ మ్యాన్ అవర్ డెన్సిటీ అంటారు. ఆ పదిహేను నిమిషాలూ దండెం మీద వేలాడే బట్టల వెనక, మంచం కింద, గోడకి ఆనించిన గొడుగు లోపల, వెదురు వాసాల సందుల్లో, ధాన్యం గాదె వెనక వెతకాలి. ఒక ముసలామె మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, మా ఇంటి మశాలు మీకెందుకు, అమ్ముకుంటారా అని అడిగింది. ఒడియాలో దోమని మశా అంటారు. బాబాయి దేశియా అనే కొండప్రాంతపు ఒడియా మాటల్లో ఏదో సర్దిచెబితే నవ్వి, మాకు మండియా పేజ్ పోసి లోపలికి రానిచ్చింది. మన చోడంబలే అది. తర్వాత ఎప్పుడెళ్ళినా మంచం తనే పక్కకి జరిపి, ఇదిగో ఇక్కడ చూడండి అని చూపించేది.

ఇళ్ళయ్యాక పశువుల సాలలు. అసలు తేడా నాకు అక్కడే కళ్ళకి కట్టింది. ఇంట్లో పదిహేను నిమిషాలు వెతికితే ఒకటో రెండో, చాలాసార్లు అదీ లేదు. సాలలోకి వెళ్తే టార్చి ఎటు తిప్పితే అటు దోమలే. ట్యూబులు సరిపోయేవి కావు. కొత్తవాళ్ళకి సాలలోనే ఉత్సాహం. గబగబా పడుతుంటే పని చేసినట్టు ఉంటుంది, లెక్క ఘనంగా కనిపిస్తుంది. బాబాయి మాత్రం సాల తొందరగా ముగించి మళ్ళీ ఇళ్ళ వైపు చూసేవారు. మనిషిని కుట్టేది ఇంట్లో ఉంటుంది, అది తక్కువే ఉంటుంది, దాని కోసమే వచ్చాం అనేవారు.

ఈ కొండల్లో మలేరియాకి ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మెల్లగా పారే గెడ్డల, అంటే వాగుల అంచున, గడ్డి నీళ్ళలోకి వాలినచోట గుడ్లు పెడుతుంది. కోరాపుట్‌లో గెడ్డ వాలునే మెట్లు మెట్లుగా కట్టి వరి వేస్తారు, ఆ మళ్ళని ఝోలా అంటారు. పైమడి నుంచి కిందమడికి ఊట జారుతూ ఎప్పుడూ తేట నీళ్ళు ఉంటాయి. ఆ దోమకి అంతకన్నా సుఖం ఎక్కడ దొరుకుతుంది? వాన హోరు తగ్గి గెడ్డలు నిమ్మళించాక, అంటే దసరా తర్వాత చలికాలం దాకా దాని రాజ్యం. రెండోది క్యూలిసిఫేసిస్. వానాకాలంలో గుంటల్లో, వరి మళ్ళలో పెరిగి సాలల నిండా ఉంటుంది, ఎక్కువగా పశువుల రక్తమే తాగుతుంది. మైదానాల్లో మలేరియా మోసేది ఇదే. ఇక్కడ ఫ్లూవియాటిలిస్ ముందు దీని పాత్ర చిన్నది. అనాఫిలిస్ అంటే తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా వాలుతుందని బళ్ళో చదువుకుంటాం కదా, క్యూలిసిఫేసిస్ అంత ఏటవాలుగా కూర్చోదు. గోడకి దాదాపు సమాంతరంగా, మామూలు క్యూలెక్స్ దోమలాగే వాలుతుంది. పుస్తకం నమ్ముకున్నవాళ్ళు దాన్ని అనాఫిలిసే కాదని వదిలేస్తారు.

మా ఊరి పేరు పెట్టుకున్న దోమ కూడా ఒకటుంది, అనాఫిలిస్ జైపోరియెన్సిస్. 1902లో జేమ్స్ అనే బ్రిటిష్ మిలటరీ డాక్టరు దాన్ని వర్ణించాడు. ఫ్లూవియాటిలిస్‌ని వర్ణించిందీ ఆయనే, ఆ ఏడే. మొదటిసారి దాన్ని గుర్తుపట్టినప్పుడు ఎందుకో సొంత ఊరివాళ్ళు కలిసినంత సంబరం వేసింది. జబ్బు మోసే జీవిని చూసి సంబరపడ్డం ఏంటని మళ్ళీ నాకే నవ్వొచ్చింది.

చేత్తో పట్టడం ఒక్కటే పద్ధతి కాదు. కొన్నిళ్ళల్లో నేలంతా తెల్లదుప్పట్లు పరిచి, తినేవి, నీళ్ళ బిందెలు బయటపెట్టించి, తలుపులు మూసి పైరెత్రం అనే దోమల మందు కొడతాం. పది నిమిషాలాగి దుప్పట్లు మెల్లగా బయటికి తెస్తే ఇంట్లో ఉన్న దోమలన్నీ వాటి మీద రాలి ఉంటాయి. చేత్తో పట్టినప్పుడు దొరకనివి ఇందులో తేలతాయి. ఇంకొన్నిచోట్ల సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా, దోమతెరలో మనిషి పడుకున్న మంచం పక్కన సీడీసీ లైట్ ట్రాప్ వేలాడదీస్తాం. చిన్న బల్బు, దాని కింద ఫ్యాను, కింద సంచి, ఓ బ్యాటరీ. వెలుతురుకి వచ్చిన దోమని ఫ్యాను సంచిలోకి లాగేస్తుంది.

వీటన్నిటికన్నా పాత పద్ధతి ఒకటుంది, మనిషే ఎర. మోకాలి దాకా బట్ట పైకి మడిచి కూర్చుని, కాలి మీద వాలిన దోమని కుట్టేలోగా గొట్టంలోకి లాగడం. మనిషి మీదికి వచ్చే దోమ ఏదో, ఏ వేళకి వస్తుందో ఇంత సూటిగా చెప్పే పద్ధతి ఇంకోటి లేదు. కానీ ఇప్పుడు ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఎవర్నీ అలా కూర్చోబెట్టకూడదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని మొదటిసారి చూశాడని మనందరికీ తెలుసు. ఆ దోమలకి రక్తం ఇచ్చిన హుసేన్ ఖాన్ ఎంతమందికి తెలుసు? కాటుకో అణా కూలి అతనికి. నా లెక్కలో ఆ పరిశోధనలో సగం అతనిదే.

పట్టిన దోమల్లో బతికి ఉండాల్సినవాటిని గుడ్డ పంజరంలో వేసి, తడి తువ్వాలు చుట్టి జీపులో తెచ్చేవాళ్ళం. ఎండ తగిలి ఆరిపోతే దారిలోనే చస్తాయి. చచ్చి ఎండిన దోమని కోయలేం. ప్రతి ట్యూబు మీదా ఊరు, తేదీ, ఇల్లా సాలా, ఎన్ని గంటలకి, ఎవరు పట్టారు, అన్నీ పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది. లేబుల్ లేని దోమ ఎంత మంచిదైనా పారేయాల్సిందే.

గుర్తుపట్టడం ల్యాబులో మొదలవుతుంది. ముందు మగా ఆడా. మగదానికి మీసాలు కుచ్చులుగా ఉంటాయి. అది కుట్టదు, దాన్ని పక్కన పెట్టేస్తాం. తర్వాత అనాఫిలిసా కాదా. తొండానికి అటూ ఇటూ రెండు పాల్పులుంటాయి. ఆడ అనాఫిలిస్‌కి అవి తొండమంత పొడవు, క్యూలెక్స్ ఆడదానికి పొట్టి. ఆ తర్వాత రెక్కలు. కంటికి మామూలుగా నల్లటి మచ్చల్లా కనిపించేవి మైక్రోస్కోపు కింద వరసగా పేర్చిన పొలుసులు, కొన్ని నల్లవి, కొన్ని లేత గోధుమరంగువి. ఏ ఈనె మీద ఏ రంగు ఎంత మేర ఉందన్నదే దోమ చిరునామా. రెక్కలో మూడో ఈనె చాలామేర లేత రంగులో ఉంటే ఫ్లూవియాటిలిస్, అదే ఈనె నల్లగా ఉంటే క్యూలిసిఫేసిస్. వెనక కాళ్ళ చివర్లు పూర్తిగా తెల్లగా ఉంటే యాన్యులారిస్ గుంపు. సాలలో గుంపులుగా దొరికేవాటిలో సబ్‌పిక్టస్, వేగస్ లాంటివి ఎక్కువ, అవి ఇక్కడ మలేరియాకి పెద్ద లెక్కలోకి రావు. పొలుసులు రాలిపోయినవాటి దగ్గరే చిక్కు. ఈనె మొత్తం బోసిగా ఉంటే లేతదనీ అనలేం, నల్లదనీ అనలేం. ఊహించి పేరు రాయడం కన్నా గుర్తుపట్టలేదని రాయడమే నయం. గట్టిగా పీల్చొద్దన్న మాటకి అర్థం అప్పుడు తెలుస్తుంది.

అక్కడితో అయిపోతే బాగుండు. రెక్కలు అచ్చం ఒకలాగే ఉండి లోపల వేరువేరు జాతులైనవి ఉన్నాయి. క్యూలిసిఫేసిస్‌లో ఎ, బి, సి, డి, ఇ అని అయిదు. ఫ్లూవియాటిలిస్‌లో ఎస్, టి, యు అని మూడు. ఢిల్లీ మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా సుబ్బారావు గారి బృందం ఏళ్ళ తరబడి కష్టపడి తేల్చిన సంగతి ఇది. సగం గుడ్లు పెరిగిన దోమ అండాశయం తీసి అందులో కణాల క్రోమోజోముల చారలు చదివి విడదీసేవాళ్ళు, ఇప్పుడు డీఎన్ఏ చూసే పీసీఆర్ పరీక్ష చేస్తున్నారు. ఇది పండితుల గొడవ అనుకోకండి. ఎస్ రకం ఫ్లూవియాటిలిస్ మనిషి రక్తం కోసం ఇంట్లోకి వస్తుంది. టి, యు రకాలకి పశువులు చాలు. కోరాపుట్ కొండల్లో మనుషుల్ని మంచాన పడేసేది ఎస్. రెక్క చూసి ఫ్లూవియాటిలిస్ అని ఒకే ఖాతాలో వేసేస్తే, జబ్బు మోసేదాన్నీ మోయనిదాన్నీ కలిపి లెక్కేసినట్టే.

ఇక కోత. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. దోమని మత్తులో ఉంచి, కాళ్ళు రెక్కలు తీసేసి, స్లైడు మీద ఒక బొట్టు సెలైన్‌లో పడుకోబెడతాం. రెండు చేతుల్లో రెండు సూదులు. ఎడమ సూదితో ఛాతీని నొక్కి పట్టి, కుడి సూదితో తలని మెల్లగా, చాలా మెల్లగా లాగాలి. సరిగ్గా లాగితే తల వెంట మెడలోంచి లాలాజల గ్రంథులు జారి వస్తాయి. రెండు గ్రంథులు, ఒక్కోటీ మారేడు దళంలా మూడు పాయలు, నీళ్ళలో మెరుస్తూ ఉంటాయి. చేయి వణికితే తల ఒక్కటే ఊడొస్తుంది, అప్పుడు ఛాతీ నొక్కి వెతుక్కోవాలి. తల కోసేసి, గ్రంథుల మీద కవర్ స్లిప్ వేసి, కొద్దిగా నొక్కి పగలగొట్టి, నాలుగొందల రెట్లు పెద్దది చేసి చూస్తాం. క్రిమి ఉంటే సన్నగా, రెండు కొసలూ మొనదేలి, కొద్దిగా వంగిన పోగులు గుంపుగా బయటికి వచ్చి నెమ్మదిగా కదులుతాయి. స్పోరోజాయిట్లు. మనిషి ఒంట్లోకి దిగేది ఇవే. అవి ఉన్న దోమే జబ్బు ఇవ్వగలిగే దోమ.

అవి కనపడే రోజు ఎప్పుడో గానీ రాదు. రోజంతా వంగి కూర్చుని కోస్తే స్లైడు తర్వాత స్లైడు ఏమీ ఉండదు. మెడ నొప్పి, కళ్ళ మంట, రిజిస్టర్లో నెగెటివ్, నెగెటివ్. మన దేశంలో చాలాచోట్ల మలేరియా దోమల్లో క్రిమి ఉన్నవి నూటికి ఒకటి కూడా ఉండవు. దోమ జీవితం చూస్తే ఎందుకో తెలుస్తుంది. మలేరియా ఉన్న మనిషిని కుట్టిన దోమ వెంటనే జబ్బు ఇవ్వలేదు. క్రిమి దాని కడుపు గోడలో పెరిగి, పగిలి, లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి వేడిని బట్టి పది పన్నెండు రోజులో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆలోపు దోమ రెండు మూడు రోజులకోసారి రక్తం తాగాలి, గుడ్లు పెట్టాలి, గోడ మీది మందుని, బల్లిని, మనిషి చేతి దెబ్బని తప్పించుకోవాలి. అంతకాలం బతికేవి కొన్నే. అందుకే అండాశయం కూడా కోసి చూస్తాం. అక్కడ గాలిగొట్టాల కొసలు ముడి చుట్టుకుని ఉంటే ఇంకా గుడ్డు పెట్టని లేత దోమ, ముడి విడిపోయి ఉంటే ఒక్కసారైనా గుడ్డు పెట్టిన ముదురు దోమ. మందు కొట్టిన ఊళ్ళో ముదురు దోమల వాటా పడిపోతే మందు పనిచేస్తోందన్నమాట, దోమలు ఇంకా కనపడుతున్నా సరే. ఊళ్ళోవాళ్ళు మందు కొట్టినా దోమలు తగ్గలేదని తిట్టినప్పుడు ఈ సంగతి చెప్పడం ఎంత కష్టమో!

పైగా మేం వెతుకుతున్నది క్రిమి తగ్గిపోతున్న కాలంలో. ఒడిశాలో 2016లో నాలుగు లక్షలకి పైగా మలేరియా కేసులున్నాయి. 2017లో మందు పూసిన దోమతెరలు పెద్ద ఎత్తున పంచారు. ఆ ఏడే దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, రోడ్డు లేని పల్లెలకి వెళ్ళి జ్వరం ఉన్నా లేకపోయినా అందరి రక్తం పరీక్ష చేసి మందు ఇచ్చారు. 2018కి కేసులు 66 వేలకి దిగాయి. మనుషుల్లో క్రిమి తగ్గితే దోమల్లోనూ తగ్గుతుంది. మంచిదే. కానీ దాన్ని దోమలో పట్టుకోవాలంటే అంతకు అంత ఎక్కువ దోమలు కావాలి.

అన్ని దోమల్ని కోసి చూడలేం కాబట్టి ఎలైసా అనే పరీక్ష చేసేవాళ్ళం. ఎండబెట్టిన దోమ తల, ఛాతీ భాగం కడుపు నుంచి వేరుచేసి, నూరి, తొంభై ఆరు గుంటల ప్లేటులో ఒక్కో గుంటలో పోస్తాం. స్పోరోజాయిట్ పైపొర ప్రొటీన్‌ని పట్టే యాంటీబాడీ అందులో ముందే అతికించి ఉంటుంది. ఫాల్సిపారమ్‌కి ఒకటి, వైవాక్స్‌కి రెండు రకాలు (ఈ రెండూ మలేరియా క్రిమిలో జాతులు). కడిగి, మళ్ళీ కలిపి, చివర్లో రంగు ద్రావణం పోసి అరగంట ఆగితే క్రిమి ఉన్న గుంట ఆకుపచ్చగా తిరుగుతుంది. క్రిమి లేదని ముందే తెలిసిన గుంటల సగటుకి రెండింతలు దాటితేనే పాజిటివ్ అంటాం. ఆ అరగంట టెన్షన్ పరీక్షా ఫలితాల రోజుకి తక్కువేం కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, బయటివాళ్ళకి ఎవరూ చెప్పరు. పశువుల రక్తం తాగిన దోమల్లో ఒక్కోసారి క్రిమి లేకపోయినా గుంట పచ్చబడుతుంది. అసలు క్రిమి ప్రొటీన్ వేడికి తట్టుకుంటుంది, ఈ దొంగ పచ్చదనం తట్టుకోదు. అందుకని పాజిటివ్ వచ్చిన నూరుడుని వంద డిగ్రీల్లో పది నిమిషాలు కాచి మళ్ళీ పరీక్షిస్తాం, ఆపైన పీసీఆర్ చేస్తాం. ఒక ప్లేటులో సాల దోమల గుంటలు కొన్ని పచ్చబడినప్పుడు ల్యాబంతా హడావుడి పడ్డాం. కాచాక అన్నీ తెల్లబోయాయి. అదే ప్లేటులో ఒక ఇంట్లో పట్టిన ఫ్లూవియాటిలిస్ గుంట మాత్రం కాచినా పచ్చగానే ఉంది. పీసీఆర్‌లోనూ ఫాల్సిపారమే తేలింది.

ఇప్పుడు శాతం సంగతికి వస్తాను. ఊరికే ఒక లెక్క అనుకుందాం. వెయ్యి దోమలు పరీక్షించాం, రెండిట్లో క్రిమి ఉంది. రేటు 0.2 శాతం. కానీ ఆ వెయ్యిలో తొమ్మిది వందలు సాలలో పట్టినవైతే? అవి పశువుల మీద బతికేవి, వాటిలో క్రిమి ఉండే అవకాశమే తక్కువ. ఇంట్లో పట్టిన వందలోనే ఆ రెండూ ఉంటే మనిషి పక్కన తిరిగే దోమల్లో రేటు 2 శాతం, అంటే పది రెట్లు. ఊరు ఒకటే, దోమలు అవే, అంకె మాత్రం పట్టిన చోటుని బట్టి మారిపోయింది. అలాగే పది దోమల్ని కలిపి నూరి ఒక గుంటలో పోస్తే, అది పచ్చబడితే కనీసం ఒక దోమకి ఉందని మాత్రమే చెప్పగలం. సున్నా వచ్చినా అంతే. మూడు వందల దోమల్లో ఒక్కటీ దొరకలేదంటే ఆ ఊళ్ళో లేదని కాదు, అసలు రేటు ఒక శాతం దాకా ఉండి కూడా మనకి దొరక్కపోయి ఉండొచ్చు. ఇంకో సంగతి, రేటు ఒక్కటే ఉన్నా ప్రమాదం తెలీదు. రాత్రికి మనిషికి ఎన్ని కాట్లు పడుతున్నాయో దాన్ని ఈ రేటుతో గుణిస్తేనే రాత్రికి ఎన్ని క్రిమి కాట్లు తగులుతున్నాయో తెలుస్తుంది. తక్కువ రేటు, ఎక్కువ కాట్లు ఉన్న ఊరు ఎక్కువ రేటు, తక్కువ కాట్లు ఉన్న ఊరంత ప్రమాదమూ కావచ్చు.

ఆ పచ్చగుంట లేబుల్ తీసి చూస్తే మాకు అంబలి పోసిన ముసలామె ఉండే వీధిలో ఇల్లు. బాబాయి పట్టిన దోమ, పొద్దున్న ఆరున్నర, దండెం మీద బట్టల వెనక. ఆరోగ్య శాఖవాళ్ళకి చెప్పాం. ఆశా దీదీ, ఏఎన్ఎం కిట్లు తీసుకుని ఆ వీధి మొత్తం వేలు గుచ్చి పరీక్ష చేశారు. పాజిటివ్ వచ్చినవాళ్ళలో కొందరికి జ్వరమే లేదు. పొలం పనికి వెళ్తూ, వండుకుంటూ మామూలుగా తిరుగుతున్నారు. దోమకి క్రిమి ఎక్కిస్తున్నది వాళ్ళే, వాళ్ళకే తెలీదు. అందరికీ మందులు మొదలుపెట్టారు. దోమతెరలు ఇంటింటా ఉన్నాయి, కడుతున్నారు కూడా. కానీ పంట కోతకొచ్చే రోజుల్లో మగవాళ్ళు ఝోలా పక్కన మంచె మీద కాపలా పడుకుంటారు. తెర ఇంట్లో ఉంటుంది, మనిషి గెడ్డ పక్కన ఉంటాడు. మంచె మీద కట్టుకోడానికి విడిగా తెర ఇమ్మని ఆశా దీదీ అడిగింది. ఇంటికి ఇన్నని లెక్క ఉంది, మంచెకి లెక్క లేదన్నారట.

ఏడాది చివర రిపోర్టు రాసేటప్పుడు పైనుంచి వచ్చిన ఫారంలో జాతి పేరు, పరీక్షించినవి, పాజిటివ్, శాతం, ఈ నాలుగు గడులే ఉన్నాయి. ఇంట్లో పట్టినవీ సాలలో పట్టినవీ కలిపి ఒక్క వరసలో వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. "పట్టిన చోటు తీసేస్తే ఇంక మనం పట్టిందేటమ్మా" అని బాబాయి కూడా నా వైపే మాట్లాడారు. ప్రతి జాతికీ ఇల్లు, సాల, లైట్ ట్రాప్ అని మూడేసి వరసలు, పక్కన పట్టిన గంటలు, కోత ద్వారా ఎన్ని, ఎలైసా ద్వారా ఎన్ని, కాచాక ఎన్ని నిలిచాయి, అన్నీ వేసి ఇచ్చాను. ఫారంలో చోటు లేదు, ఇంత అవసరమా అని ఒకాయన విసుక్కున్నాడు. చోటు లేకపోతే అనుబంధంగా పెట్టండి అన్నాను. కలిపిన అంకె ఫారంలో వేసుకుని, నా పట్టిక వెనక పిన్ను కొట్టి పంపారు.